అయిపోని సెలవు

రత్నం ఎడమచెవి పోయిన రోజు శుక్రవారం. దీపాలు పెట్టే వేళ. ఇంటి ముందు అరుగు మీద ముగ్గురు పెద్దమనుషులు కూర్చుని ఉన్నారు. వాళ్ళ మధ్య స్టూలు మీద మిలటరీ రమ్ము సీసా ఉంది.

ఊళ్ళో కోపం వచ్చిన ప్రతివాళ్ళూ గూబ పగలగొడతామంటారు. తల్లులు పిల్లల్ని అంటారు, పాలేర్లు దూడల్ని అంటారు. అది వట్టి మాటేనని అందరికీ తెలుసు. ఉప్పలగుప్తం దగ్గర ఆ కాలవగట్టు పేటలో ఆ సాయంత్రం మాత్రం నిజంగానే ఒక మనిషి గూబ పగిలింది.

జరిగిన తప్పు ఏమిటంటే, రొయ్యల వేపుడు రెండో వాయి రావడం ఆలస్యమైంది. పిల్లకి ఒళ్ళు కాలిపోతుంటే రత్నం మధ్యలో లేచి కషాయం పట్టి వచ్చింది. అంతలో ఆమె మొగుడు హవల్దారు మాణిక్యాలరావు "ఒక్క నిమిషం అండి" అని పెద్దమనుషులకి నవ్వుతూ చెప్పి లోపలికి వచ్చాడు. వంటింటి గుమ్మంలోకి వచ్చాక కూడా ఆ నవ్వు మొహం మీద అలాగే ఉంది.

"సావధాన్" అన్నాడు మెల్లిగా.

రత్నం గరిటె పక్కన పెట్టింది. రెండు చేతులూ తొడలకి ఆనించి నిటారుగా నిలబడింది. అలా నిలబడటం అతనే నేర్పాడు. అతను అరచెయ్యి బార్లా చాపి ఒక్కటి కొట్టాడు. తర్వాత వేపుడు తనే పళ్ళెంలోకి తీసుకుని, పైన నిమ్మచెక్క పిండి, అరుగు మీదికి వెళ్ళిపోయాడు.

అతని తల్లి వీరాయమ్మ ఆ పక్కనే, జ్వరంతో పడుకున్న మనవరాలు మంగ నుదుటి మీద తడిగుడ్డ మారుస్తోంది. అంతా చూసింది. ఆ చప్పుడికి అరుగు మీద మాటలు ఆగిపోవడం కూడా విన్నది. ఆ తర్వాత కొబ్బరికాయల వ్యాపారం చేసే నూకయ్య గొంతు వినిపించింది.

"వేపుడు అదిరిందండీ హవల్దారు గారూ!"

"ఆయ్, మా వాళ్ళ చేతి మహిమ అండి" అన్నాడు మాణిక్యాలరావు. అందరూ నవ్వారు.

రత్నం ఇంకా నిటారుగానే నిలబడి ఉంది. చెవిలోంచి సన్నగా ఎర్రటి నీరు మెడ మీదికి దిగుతోంది. తుడుచుకోలేదు. 'విశ్రామ్' అనడం అతను మర్చిపోయాడు.

*

ఆ ఇల్లు చాలా ఏళ్ళు సెలవుల లెక్కన బతికింది.

వీరాయమ్మ పెనిమిటి బర్మా యుద్ధంలో పనిచేసి వచ్చినవాడు. తరవాత కూడా పట్టాళంలోనే ఉన్నాడు. ఏడాదికొకసారి నల్ల ట్రంకుపెట్టెతో దిగేవాడు. ఉన్నన్నాళ్ళూ తాగేవాడు, తాగినన్నాళ్ళూ కొట్టేవాడు. వీరాయమ్మ కుడిచేతి చిటికెనవేలు ఇప్పటికీ ముడుచుకోదు. అన్నం కలుపుకుంటున్నా, దణ్ణం పెట్టుకుంటున్నా ఆ ఒక్క వేలూ విడిగా నిలబడి ఉంటుంది. ఎవరైనా అడిగితే రోకలి పడిందని చెప్పేది. ఆయన పోయి చాలాకాలమైంది. ఆయన కప్పుకున్న కంబళిని ఎన్నిసార్లు ఉతికి ఎండలో వేసినా రమ్ము వాసన వదల్లేదు. కాలిన బెల్లంలాంటి వాసన. చివరికి దాన్ని గేదె ఈనినప్పుడు దూడ కింద పరిచింది.

అదంతా ఆమె ఎలా భరించిందంటే, సెలవు అయిపోతుంది కాబట్టి. ట్రంకుపెట్టె మళ్ళీ బయటికి వస్తుంది. పక్కబట్టల హోల్డాలు చుట్టి తాడు బిగిస్తారు. చలిమిడి, జంతికలు మూట కడతారు. ఊరంతా బస్సు దాకా వచ్చి సాగనంపుతుంది. ఆ బస్సు మలుపు తిరిగాక ఇంట్లో ఆడవాళ్ళు ఊపిరి పీల్చుకునేవారు. ఓపిక పట్టడం ఆ ఇంటి ఆడవాళ్ళకి వచ్చిన విద్య. ఆపడం ఎలాగో ఎవరూ నేర్చుకోలేదు. ఆ అవసరం ఉందనీ అనుకోలేదు.

కొడుకు కూడా పట్టాళంలో చేరాడు. డెబ్బయ్యొకటి యుద్ధంలో ఉన్నాడు. పెళ్ళయిన మొదటి సెలవులోనే రత్నం వీపు మీద వాతలు కనిపించాయి. నూతి దగ్గర నీళ్ళు పోసుకుంటుంటే వీరాయమ్మ చూసింది. చూసి, కొబ్బరినూనె వెచ్చచేసి తెచ్చి రాస్తూ చెప్పింది.

"మిలటరీవాళ్ళు అంతేనమ్మా. చావులు చూసొస్తారు కదా. నెలన్నర ఓపిక పట్టు, వెళ్ళిపోతాడు."

ఆ తరవాత ప్రతి సెలవులోనూ ఆ మాటే చెప్పింది. రత్నం ప్రతిసారీ "ఆయ్ అత్తయ్యా" అనేది.

ఎనభై ఒకటి వేసవిలో మాణిక్యాలరావు సర్వీసు పూర్తయి పింఛనుతో వచ్చేశాడు. ఊరు దండలు వేసి తీసుకొచ్చింది. ట్రంకుపెట్టె నడవలోకి వచ్చింది. హోల్డాలు తాడు కోసి పెరట్లో రెండు కొబ్బరిచెట్ల మధ్య బట్టలు ఆరేసుకోవడానికి కట్టేశాడు. ఆ తాడు మీద తడిచీర వేస్తూ రత్నం అడిగింది.

"అత్తయ్యా, ఇంక వెళ్ళరు కదండీ?"

వీరాయమ్మ ఆ తాడు ముళ్ళ వైపు చూసింది. ఈ సెలవు అయిపోదు.

*

మర్నాడు పొద్దున్నే పక్కింటి సుబ్బమ్మ వచ్చింది. నూకయ్య పెళ్ళాం. చేతిలో మూత పెట్టిన చిన్న గిన్నె ఉంది.

"వదినా, లేచేరా? మా అమ్మాయి పురుడు తెలుసు కదా. నిన్నటి నుంచీ ఒళ్ళంతా చల్లబడిపోతోందంట. రవ్వంత మిలటరీ మందు పోస్తారని వచ్చేను."

ఆ సీసా అంటే ఊళ్ళో ఉన్న గౌరవం అలాంటిది. సారా తాగేవాణ్ణి తాగుబోతు అనేవారు. కల్లు తాగేవాణ్ణి పనివాడు అనేవారు. మిలటరీ కేంటీనులో నెలనెలా ఇచ్చే రమ్మును మాత్రం మందు అనేవారు. ప్రభుత్వం ఇచ్చే సరుకు, కల్తీ ఉండదు, ఒంటికి మంచిది. బాలింతలకి కాయంతో కలిపి పట్టేవారు. పిల్లల దగ్గుకి తేనెలో రెండు బొట్లు కలిపేవారు. పంచాంగం చెప్పే శరభయ్య గారు చుక్క ముట్టరు, కానీ మోకాళ్ళకి రాసుకోవడానికని ప్రతి పున్నమికీ ఒక సీసా పట్టుకెళతారు. ఎన్ని మోకాళ్ళున్నాయో ఆయనకి అని కుర్రాళ్ళు వెనకాల నవ్వుకునేవారు. నెల తిరిగేసరికి ఆ పేటలో ఆ ఇంటి రమ్ము చేరని ఇల్లు ఉండేది కాదు. సీసాలుండే ట్రంకుపెట్టె తాళంచెవి వీరాయమ్మ మొలలో ఉండేది. ఎవరికి ఎంత పొయ్యాలో ఆవిడే పోసేది. పోస్తున్నప్పుడు కాస్త గర్వంగానే ఉండేది.

వీరాయమ్మ గిన్నె అందుకోలేదు. వాకిట్లోంచి నడవలోకి చూసింది. గోడవార చాప మీద రత్నం కూర్చుని ఉంది. చెవిలో పెట్టుకున్న దూది ఎర్రగా ఉంది. చెంప వాచి కన్ను సగం మూసుకుపోయింది.

సుబ్బమ్మ కూడా అటే చూసింది. చూసి గొంతు తగ్గించింది.

"రాత్రి మావారు చెప్పేరులే. మొగుడూ పెళ్ళాలన్నాక ఉంటాయి వదినా. వేణ్ణీళ్ళ కాపడం పెట్టండి, తగ్గిపోద్ది. ఇదిగో, ఈ గిన్నెడు చాలు. బాలింత కదా, దేవుడు మీకు మేలు చేస్తాడు."

తన కోడలి నెత్తుటికీ సుబ్బమ్మ చేతిలో గిన్నెకీ మధ్య నాలుగడుగుల దూరం లేదు. ఈవిడకి అది కనపడకా? కనపడుతోంది. కనపడుతూనే గిన్నె చాపింది.

అయినా పోసింది. అడిగినవాళ్ళకి లేదనడం ఆ ఇంట్లో లేదు. పెట్టె మూత ఎత్తగానే కాలిన బెల్లం వాసన ముక్కుకి కొట్టింది. పోస్తుంటే సగం నేల మీద పడింది. సుబ్బమ్మ వెళ్ళిపోయాక వీరాయమ్మ పెరట్లోకి వెళ్ళి అరటిచెట్టు మొదట్లో వాంతి చేసుకుంది.

*

సోమవారం అత్తాకోడళ్ళిద్దరూ బస్సెక్కి అమలాపురం ఆస్పత్రికి వెళ్ళారు. పంపించిందీ మాణిక్యాలరావే. చెవిలోంచి కారే నీరు వాసన వస్తోందని, పక్కన కూర్చుంటే అన్నం సయించడం లేదని పంపించాడు.

డాక్టరు పెద్దాయన. తల మీద అద్దం పెట్టుకుని చెవిలోకి చాలాసేపు చూశాడు.

"ఎలా జరిగిందమ్మా?"

రత్నం అత్తగారి వైపు చూసింది. వీరాయమ్మ చెప్పింది.

"నూతిగట్టు మీద కాలు జారిందండి."

డాక్టరు రత్నం గడ్డం పట్టుకుని మొహాన్ని కిటికీ వైపు తిప్పాడు. వాపు తగ్గింది గాని, కమిలిన మచ్చలు వేళ్ళ ఆకారంలో అలాగే ఉన్నాయి.

"జారితే అయిదు వేళ్ళు పడతాయామ్మా?"

వీరాయమ్మ తల దించుకుంది. డాక్టరు మళ్ళీ అడగలేదు. గూబ చిరిగిందన్నాడు, లోపల చీము పట్టిందన్నాడు, నీళ్ళు తగలనివ్వకండి అన్నాడు. చుక్కలమందూ మాత్రలూ రాసిచ్చాడు. ఈ చెవి వినికిడి తిరిగి వస్తుందని మాత్రం తను చెప్పలేనన్నాడు.

తిరుగు బస్సులో రత్నం కుడిచెవిని కిటికీ వైపు పెట్టుకుని కూర్చుంది. వీరాయమ్మ ఇటుపక్క. పొలాలు దాటుతున్నాయి, కాలవలు దాటుతున్నాయి. ఏదో ఒకటి చెప్పాలనిపించింది ఆవిడకి. నోరు తెరిస్తే, ఇన్నేళ్ళ అలవాటు కొద్దీ, ఆ పాత మాటే వచ్చింది.

"మిలటరీవాళ్ళు అంతేనమ్మా..."

రత్నం తిరగలేదు. 'ఆయ్' అనలేదు. కళ్ళు పొలాల మీదే ఉన్నాయి.

కోపం వచ్చిందేమో అనుకుంది వీరాయమ్మ. ఇంకోసారి, కొంచెం గట్టిగా, "రత్నం" అని పిలిచింది. ఆ పిల్ల కదల్లేదు. అప్పుడు అర్థమైంది. బస్సు రొదలో ఆ మాట ఆ చెవిలోకి వెళ్ళనే లేదు. వెళ్ళనందుకు వీరాయమ్మకి ప్రాణం తెరిపిన పడ్డట్టయింది. అంతలోనే, తెరిపిన పడ్డందుకు తన మీద తనకే రోత పుట్టింది.

*

కబురు తెలిసి రత్నం అన్న సత్యం రాయవరం నుంచి వచ్చాడు. రైసుమిల్లులో పనిచేస్తాడు. నెమ్మదైన మనిషి, గట్టిగా మాట్లాడితే తనే బెదిరిపోతాడు. చెల్లెల్నీ మేనకోడల్నీ తీసుకెళ్ళిపోతానన్నాడు. కానీ పెద్దమనుషుల మాట లేకుండా ఆడపిల్లని అత్తింటి గుమ్మం దాటించి తీసుకెళితే అది తెగతెంపులే అవుతుంది. రేపు ఆ పిల్లకి ఏ హక్కూ మిగలదు. అందుకని మంగళవారం పొద్దున్న పెద్దమనుషుల్ని కూర్చోబెట్టారు. కూర్చోవడానికి వేరే చోటు ఎందుకని, ఆ అరుగు మీదే కూర్చున్నారు.

వాళ్ళు రాకముందు మాణిక్యాలరావు నడవలో స్టూలు మీద కూర్చుని బూట్లకి పాలిష్ పెట్టుకుంటున్నాడు. పొద్దున పూట అతను చాలా శుభ్రంగా ఉంటాడు. గీసిన గడ్డం, దువ్విన తల, ఇస్త్రీ చొక్కా. అతన్ని అలా చూసినవాళ్ళెవరూ ఏదీ నమ్మరు.

"అమ్మా, డాక్టరు దగ్గర నూతిగట్టని చెప్పేవంట కదా. మంచి పని చేసేవు. ఇవాళ కూడా అదే చెప్పు."

వీరాయమ్మ చేటలో బియ్యం ఏరుతోంది.

"సత్యంగాడు భయపడే మనిషి. పెద్దవాళ్ళు ఒక మాటంటే తోక ముడుచుకుని పోతాడు. ఇది ఇక్కడే పడుంటుంది" అన్నాడు, బూటు ముక్కు మీద ఉమ్మి గుడ్డతో రుద్దుతూ. తరవాత తల ఎత్తి నవ్వాడు. "మాట వినకపోతే ఇంకో చెవి ఉందిగా."

అది వేళాకోళమే. వేళాకోళంగానే అన్నాడు. వీరాయమ్మ కొడుకు మొహంలోకి చూసింది. పాలిచ్చి పెంచిన మొహం. పళ్ళు తెల్లగా ఉన్నాయి. ఆ నవ్వు చూస్తుంటే, కూరలో కాలు విరిగిన బొద్దింకని చూసినట్టు ఒళ్ళు జలదరించింది.

పెద్దలు వచ్చారు. ప్రెసిడెంటు ముత్యాలరాజు గారు నడుమ కూర్చున్నారు. ఒక పక్క నూకయ్య, ఇంకో పక్క పంచాంగం కట్టతో శరభయ్య గారు. సత్యం మెట్టు మీద కూర్చున్నాడు. రత్నాన్ని గుమ్మం లోపల, ద్వారబంధానికి ఆనుకుని కూర్చోమన్నారు. ఆడవాళ్ళు కూర్చోవలసిన చోటు అదే. అక్కడ కూర్చుంటే పెద్దల వైపుకి ఆమె ఎడమ చెంప వస్తుంది. వెనకాల నడవలో వీరాయమ్మ, మంగని ఒళ్ళో పెట్టుకుని.

సత్యం లేచి నిలబడి చెప్పాడు. "మా చెల్లిని కొట్టేరండి. చెవి పోయిందండి. కొన్నాళ్ళు తీసుకెళతానండి, పంపించమనండి."

"అబ్బే, కొట్టేనని ఎవరన్నారు బావా?" అన్నాడు మాణిక్యాలరావు ఎంతో మర్యాదగా. "నూతిగట్టు మీద జారింది. ఆస్పత్రిలో మా అమ్మే చెప్పింది, కావాలంటే అడగండి. సరిహద్దుల్లో దేశం కోసం కొట్లాడినవాణ్ణి, ఇంట్లో ఆడదాని మీద చెయ్యెత్తుతానా?"

"అదీ నిజమే" అన్నాడు నూకయ్య.

ముత్యాలరాజు గారు గొంతు సవరించుకున్నారు. ఆడవాళ్ళతో మాట్లాడేటప్పుడు ఆయన గొంతు పెంచరు. అది పెద్దరికం అని ఆయన నమ్మకం. వక్కపలుకు బుగ్గన పెట్టుకుని, నేల చూపులు చూస్తూ, మెల్లిగా అడిగారు.

"అమ్మాయీ, జరిగిందేదో జరిగింది. కాపరం నిలబెట్టుకోవాలి కదా. ఇక్కడే ఉంటావా తల్లీ? ఇష్టం లేకపోతే లేదని చెప్పు."

రత్నం పలకలేదు. అటు తిరిగి మంగ వైపే చూస్తోంది. పిల్ల జడ ఊడిపోయింది, అల్లమని చేత్తో సైగ చేస్తోంది.

పెద్దలు ఆగారు. కాలవలో పడవవాడు ఎవర్నో కేకేస్తున్నాడు. రత్నం పలకలేదు.

"లేదనలేదు కదండీ" అన్నారు శరభయ్య గారు. "ఆడపిల్ల ఇంతకంటే నోరు విప్పి చెబుతుందా? ఒప్పుకున్నట్టే."

"ఒప్పుకున్నట్టే" అన్నాడు నూకయ్య.

సత్యం నోరు తెరిచి మూశాడు. మాణిక్యాలరావు తల పంకించాడు. పని అయిపోయినట్టు పెద్దలు కాళ్ళు సర్దుకున్నారు. ముత్యాలరాజు గారి చూపు ఒకసారి సీసా పెట్టే స్టూలు వైపు వెళ్ళింది. మాట కుదిరాక మర్యాద ఉంటుంది కదా.

వీరాయమ్మ మంగని కింద కూర్చోబెట్టి లేచింది. రత్నాన్ని దాటుకుని గుమ్మంలోకి వచ్చి నిలబడింది. మగవాళ్ళు కూర్చున్న అరుగు మీదికి ఆవిడ అలా రావడం ఎవరూ ఎరగరు.

"రాజుగారండీ, ఆ పిల్లకి మీ మాట వినబడలేదండి. ఇటు చెవి లేదు. అటువైపు నుంచి అడగాలండి."

ముత్యాలరాజు గారు తెల్లబోయి చూశారు.

"వినబడకపోవడానికి కారణం కూడా చెబుతాను. నూతిగట్టు కాదు. నేను ఆస్పత్రిలో అబద్ధం చెప్పేను. వీడు కొట్టేడు. నా కళ్ళెదుట కొట్టేడు."

"అమ్మా, లోపలికి పో" అన్నాడు మాణిక్యాలరావు.

"పోతాను. ఒక్క మాట." నూకయ్య వైపు తిరిగింది. "తమ్ముడూ, మీరూ ఇక్కడే ఉన్నారు ఆ వేళ. ఆ దెబ్బ చప్పుడు మీరూ విన్నారు. విని వేపుడు అదిరిందన్నారు."

నూకయ్య పై కండువా సర్దుకున్నాడు. మళ్ళీ సర్దుకున్నాడు. ముత్యాలరాజు గారు వక్కపలుకు ఒక బుగ్గ నుంచి ఇంకో బుగ్గకి మార్చుకున్నారు. ఎవరూ ఎవర్నీ చూడటం లేదు.

వీరాయమ్మ మొలలోంచి తాళంచెవి తీసి స్టూలు మీద పెట్టింది.

"ఇదిగోండి ట్రంకుపెట్టె తాళం. మీరంతా ఆ పెట్టెలోది పుచ్చుకున్నవాళ్ళే. మా ఇంటి సంగతి మీరెలా తీరుస్తారండీ? ఇకనుంచీ మీరే తీసుకుని పోసుకోండి. నేను పొయ్యను."

అని రత్నం కుడిపక్కకి వెళ్ళి, గొంతుక్కూర్చుని, ఆ చెవి దగ్గర అడిగింది. "నువ్వు ఇక్కడ ఉంటావా అని అడుగుతున్నారమ్మా. ఉంటావా?"

రత్నం అత్తగారి మొహంలోకి చూసింది. తరవాత తిరిగి పెద్దల్ని చూసింది. ఒక్కొక్కళ్ళనీ చూసింది.

"ఉండనండి" అంది.

చెవి సరిగ్గా వినబడనివాళ్ళు మాట్లాడినట్టు, కావలసినదానికంటే గట్టిగా అంది. నూతి దగ్గర ఉన్న సుబ్బమ్మకి కూడా వినబడింది.

పెద్దలు చాలాసేపు గుసగుసలాడుకున్నారు. కొట్టాడని అనలేదు, తప్పు అనలేదు. హవల్దారు గారి కోపం చల్లారేదాకా అమ్మాయి పుట్టింట్లో ఉండొచ్చునని, పిల్ల తల్లితో ఉండొచ్చునని తీర్మానించారు. ఆ మాత్రం మాట చాలు సత్యానికి. శరభయ్య గారు పంచాంగం విప్పారు.

"ఇవాళ మంగళవారం, ఉత్తరపు దిక్కు వారశూల. రేపూ అంతే. రాయవరం ఉత్తరమే కదా, గురువారం బయల్దేరితే..."

"శూల ఈ ఇంట్లోనే ఉందండి" అంది వీరాయమ్మ. "ఇప్పుడే వెళతారు."

*

ముక్తేశ్వరం రేవు దాకా వీరాయమ్మ వెళ్ళింది. మంగ చంకలో బట్టల మూట, రత్నం చేతిలో చుక్కలమందు సీసా. అవతల కోటిపల్లి నుంచి లాంచీ వస్తోంది. గోదారి గాలికి చెవిలో పోటు వస్తుందని రత్నం పైట చెంగు తలచుట్టూ కట్టుకుంది.

"మీరూ వచ్చెయ్యండి అత్తయ్యా" అంది ఉన్నట్టుండి. "అన్నయ్య ఇంట్లో ఇంకో చాపకి చోటుంది. మీరు ఈ మాట చెప్పేక ఆయన మిమ్మల్ని వదలరు."

"అవునండి, వచ్చెయ్యండి అత్తయ్యగారూ" అన్నాడు సత్యం. "మా ఇంట్లో మీరు బరువా ఏమిటి?"

వీరాయమ్మ కోడలి కుడిపక్కకి వచ్చి నిలబడింది.

"వస్తానమ్మా. కొబ్బరికాయ దింపు అయ్యాక వస్తాను. వాడు నా కొడుకు, నన్నేం చేస్తాడు?"

రత్నం మంగని ఎక్కించి తనూ ఎక్కింది. లాంచీ కదిలింది. మంగ చెయ్యి ఊపుతూనే ఉంది, కనబడినంతసేపూ.

ఇంటికి వచ్చేసరికి మాణిక్యాలరావు అరుగు మీద ఒక్కడే కూర్చుని ఉన్నాడు. "శభాష్" అన్నాడు. అన్నం పెడితే తిన్నాడు.

కొన్నాళ్ళు ఆ అరుగు మీదికి ఎవరూ రాలేదు. తరవాత ఒక సాయంత్రం నూకయ్య వచ్చాడు. మర్నాడు ఇంకొకళ్ళు. వినాయక చవితి వెళ్ళేసరికి మళ్ళీ అంతా మామూలే. వీరాయమ్మ అన్నట్టే, ఎవరి గ్లాసు వాళ్ళే పోసుకున్నారు. శరభయ్య గారి మోకాళ్ళ నొప్పులూ తగ్గలేదు. సుబ్బమ్మ గిన్నె తెచ్చుకున్నప్పుడల్లా హవల్దారు గారినే అడిగి పోయించుకునేది.

రాయవరంలో రత్నం కుట్టుపని నేర్చుకుందనీ, మంగని బడిలో వేశారనీ, చెవి ఇంకా కారుతోందనీ సత్యం మనిషితో కబురు పంపేవాడు. ప్రతి కబురు చివరా అత్తయ్యగారు ఎప్పుడొస్తారు అనే ప్రశ్న ఉండేది. దింపు అయింది. తరవాత గేదె చూడితో ఉందని ఆగింది. తరవాత కోతలయ్యాక అంది.

దసరాకి కాస్త ముందు, పులుసులో ఉప్పు ఎక్కువైందని కొడుకు కంచం విసిరాడు. అడ్డం పెట్టిన చెయ్యి మణికట్టు దగ్గర వాచిపోయింది. మర్నాడు నూతి దగ్గర సుబ్బమ్మ అది చూసింది.

"అదేంటి వదినా, చెయ్యి అలా ఉంది?"

వీరాయమ్మ చేద కింద పెట్టింది. రోకలి అనలేదు, నూతిగట్టు అనలేదు.

"మావాడు కొట్టేడు."

సుబ్బమ్మ అటూ ఇటూ చూసి, దగ్గరికి వచ్చి, ఆవిడ భుజం నిమిరింది.

"మిలటరీవాళ్ళు అంతేలే వదినా" అంది. "ఓపిక పట్టండి."

వీరాయమ్మ ఆ చేతిని తన భుజం మీంచి తీసేసింది. తడిబట్ట మీద జెర్రి పాకితే దులుపుకున్నట్టు తీసేసింది. బిందె ఎత్తుకుని ఇంట్లోకి వెళ్ళి, రెండు చీరలు మూట కట్టి, తలుపు వెనక పెట్టింది.

ఆ మూట ఇంకా తలుపు వెనకే ఉంది. వీరాయమ్మ ఇంకా రేవు దాటలేదు.